ఫీజు పంపుతామని వచ్చే మోసం: నిదానం, లక్షణాలు, చికిత్స

చరక సంహిత సూత్రస్థానంలో పదకొండవ అధ్యాయానికి తిస్రైషణీయమని పేరు. మనిషికి మూడు ఏషణలు, అనగా మూడు కోరికలు ఉండవలెనని ఆచార్యుడు అందులో ప్రతిపాదించినాడు. మొదటిది ప్రాణైషణ, రెండవది ధనైషణ, మూడవది పరలోకైషణ. ప్రాణాన్ని కాపాడుకొనవలెనన్న కోరిక తరువాతి స్థానాన్నే ధనార్జనకు ఇచ్చినాడు గాని, దానిని హీనమైనదిగా భావించలేదు. కృషి, పశుపాలన, వాణిజ్యం, రాజసేవ మొదలైన ధర్మబద్ధమైన వృత్తులను పేర్కొని, వాటితో జీవనోపకరణాలను సమకూర్చుకొనమని చెప్పినాడు. కనుక ఆరోగ్య విషయాలకు కేటాయించిన ఈ పుటలలో డబ్బు సంగతి వ్రాయుట అప్రస్తుతమని పాఠకులు తలచనవసరం లేదు.

అదే అధ్యాయంలో మరొక విషయం కూడా ఉన్నది. వైద్యులు మూడు రకాలని చెబుతూ, మొదటి రకాన్ని ఛద్మచరులన్నాడు. మందుల పాత్రలు, గ్రంథాలు చేతబట్టి, వైద్యుని చూపును అనుకరిస్తూ తిరిగే వేషధారులు వీరు. రెండువేల ఏండ్లకు పూర్వమే వేషం వేసి మోసగించేవారు ఉండిరన్నమాట. నేడు మారినది వేషం మాత్రమే. అప్పటివాడు ఔషధాల సంచితో వీధిలోనికి వచ్చేవాడు. ఇప్పటివాడు సైనికాధికారి దుస్తుల్లో ఉన్న ఫోటో పెట్టుకొని వాట్సాప్‌లోనికి వస్తున్నాడు. అప్పటివాడు రోగి కోసం వెదికేవాడు. ఇప్పటివాడు గురువు కోసం వెదుకుతున్నాడు.

గురువు కోసమని ఎందుకంటున్నానో వివరిస్తాను. నేడు మన మధ్యతరగతి ఇండ్లలో ఎవరో ఒకరు ఏదో ఒక విద్య నేర్పుతున్నారు. ఒక ఇంట ఇల్లాలు యోగాసనాలు నేర్పుతుంది. పక్కింట పదవీ విరమణ చేసిన మాస్టారు లెక్కలు చెబుతారు. పై వాటాలో వీణ పాఠం జరుగుతుంది. ఇంకొకరు సున్నిపిండి, కుంకుడుకాయ పొడి, ఉసిరి పచ్చడి, మునగాకు పొడి చేసి కొరియర్లో పంపుతారు. వీరందరికీ ఒక సమానధర్మం ఉన్నది. ఫోన్ నంబరు ఊరందరికీ తెలియవలెను. తెలియని మనిషి ఫోన్ చేసినా మర్యాదగా మాట్లాడవలెను. ఉద్యోగస్థుడు తెలియని నంబరును ఎత్తకపోయినా గడుస్తుంది. కొత్త విద్యార్థి కోసం, కొత్త ఖాతాదారు కోసం ఎదురుచూచే మనిషి ఎత్తక తప్పదు. వేషధారి ప్రవేశించే ద్వారం అదే.

గడచిన కొన్ని సంవత్సరాలుగా నా వద్దకు అనిద్ర, గుండెదడ, ఆకలి మందగించుట వంటి బాధలతో వచ్చిన కొందరి విషయంలో, ఆహార విహారాలను ఎంత ప్రశ్నించినా హేతువు దొరకలేదు. చివరికి వారే తలవంచుకొని చెప్పినది ఈ మోసం సంగతి. వ్యాధిని నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి అనే ఐదు మార్గాల ద్వారా గుర్తించమని మాకు గురుకులంలో నేర్పినారు. ఈ కొత్త వ్యాధికి కూడా ఆ ఐదూ పనికివస్తున్నవి.

నిదానం

మోసపోయినవారు తెలివితక్కువవారని లోకం తొందరపడి అంటుంది. నేను చూచినవారిలో ఒకరు గణితంలో పట్టభద్రులు, మరొకరు ముప్పది ఏండ్లు కార్యాలయంలో లెక్కలు చూచినవారు. కనుక హేతువు అజ్ఞానం కాదు. ఆయుర్వేదం దీనికి ప్రజ్ఞాపరాధమని పేరు పెట్టినది. ధీ, ధృతి, స్మృతి అనే మూడింటిలో ఏది జారినా ప్రజ్ఞాపరాధమే. ధీ అనగా వివేచన, ధృతి అనగా నిలకడ, స్మృతి అనగా తెలిసినది వేళకు గుర్తుకు వచ్చుట. పిన్ నొక్కితే డబ్బు పోతుందని అందరికీ తెలుసు. ఆ తెలిసినది ఆ నిమిషంలో గుర్తుకు రాకుండా చేయుటయే మోసగాని విద్య. అతడు మొదట పడగొట్టేది ధృతిని. అందుకు వాడే ఆయుధం తొందర.

ఇందులో మన సంస్కారం కూడా కొంత దోహదం చేస్తున్నది. విద్య చెప్పేవారికి డబ్బు అడుగుట సంకోచం. అవతలి మనిషి తానే “ముందుగా మూడు నెలల ఫీజు పంపుతాను మేడం” అంటే ఆ సంకోచం నుండి విముక్తి లభించినట్లుంటుంది. ఆ ఉపశమనంలో పరీక్షాబుద్ధి నిద్రపోతుంది. బేరమాడని కొనుగోలుదారును చూచి మన కూరగాయల అమ్మికైనా అనుమానం వస్తుంది. మాస్టార్లకు మాత్రం సంతోషం కలుగుతున్నది!

పూర్వరూపం

జ్వరానికి ముందు ఒళ్లు బరువు, ఆవులింతలు కనిపించినట్లు ఈ మోసానికి కూడా ముందుగా కొన్ని సూచనలు కనిపిస్తాయి. వచ్చిన ఫోన్ సాధారణంగా హిందీలో ఉంటుంది. తాను సైన్యంలోనో, కేంద్ర భద్రతా దళంలోనో పనిచేస్తున్నానని, ఈ ఊరికి బదిలీ అయి వస్తున్నానని, పిల్లలకు యోగా గాని సంగీతం గాని నేర్పించవలెనని చెబుతాడు. అడగకుండానే గుర్తింపు కార్డు ఫోటో, ఆధార్ ఫోటో పంపుతాడు. నిజమైన తల్లిదండ్రులు ఏ పాఠశాలలోనైనా, ఏ గురువు వద్దనైనా తమ ఆధార్ ముందుగా చూపి పరిచయం చేసుకొనరు. ఆ కార్డు మరెవరిదో అయి ఉంటుంది. దేశసేవ చేసే సైనికునిపై మన ప్రజలకున్న గౌరవాన్ని దొంగిలించుటకే ఆ వేషం. నిజ సైనికులకు ఇందులో ఏ సంబంధమూ లేదు.

తరువాతి సూచన ఇంకా ముఖ్యమైనది. అతడు అడగవలసినది అడగడు. పిల్లవాని వయస్సెంత, ఇంతకు ముందు నేర్చుకొన్నాడా, పాఠం ఏ వేళకు, ఇల్లు ఎక్కడ, గురువు ఎవరి వద్ద నేర్చినారు, ఇవేవీ అతనికి అక్కరలేదు. బిడ్డను పంపే తల్లి ఇరవై ప్రశ్నలు వేస్తుంది. ఇతని ప్రశ్న ఒక్కటే: “మీరు ఏ యాప్ వాడతారు? ఖాతాలో ఎంత ఉంది?” విద్య గురించి ఒక్క మాటా లేకుండా చెల్లింపు గురించి పది మాటలు వచ్చినచో, అది పూర్వరూపమని గ్రహించవలెను.

రక్తపరీక్షల కేంద్రాల వారికి “ఇరవై మంది జవాన్లకు పరీక్షలు చేయించాలి” అని, భోజనశాలల వారికి “యాభై భోజనాలు కట్టించండి, మా మనిషి వచ్చి తీసుకొంటాడు” అని, పచ్చళ్లు చేసేవారికి “క్యాంటీనుకు నలభై కిలోలు కావాలి” అని ఇదే కథ వేర్వేరు పాత్రలతో వస్తుంటుంది. వస్తువు మారుతుంది, ముందు చెల్లింపు, ఆ వెంట వచ్చే హడావిడి మారవు.

సంప్రాప్తి

వ్యాధి శరీరంలో ఏ మార్గాన ప్రవేశించి ఎట్లు వృద్ధి పొందినదో తెలుపునది సంప్రాప్తి. దీనిని ఒక ఉదాహరణతో చెబుతాను. నాకు తెలిసిన ఒక యోగ ఉపాధ్యాయిని నెలకు మనిషికి 1,500 రూపాయల చొప్పున తీసుకొంటుంది. ఇద్దరు పిల్లలకు మూడు నెలల ఫీజు 9,000 రూపాయలు ముందుగా పంపుతానని ఒకడు ఫోన్ చేసినాడు. “మా సైన్యం ఖాతా వేరేగా పనిచేస్తుంది. ముందు మీరు ఐదు రూపాయలు పంపండి, ఖాతా సరిచూసుకొని పది తిరిగి వస్తుంది” అన్నాడు. ఆమె ఐదు పంపగానే పది వచ్చినవి. విశ్వాసం అక్కడ బీజం పడినది.

తరువాత 9,000 అని అంకె ఉన్న క్యూఆర్ కోడ్ ఒకటి వాట్సాప్‌లో వచ్చినది. “దీనిని స్కాన్ చేసి పిన్ నొక్కండి, మీ ఖాతాలో పడుతుంది.” నొక్కినది. 9,000 ఖాతాలో పడుటకు బదులు పోయినవి. ఆమె కంగారుపడగానే అతడు ఇంకా ఎక్కువ కంగారు నటించినాడు. “అయ్యో, మా లెక్కల విభాగం వారు తప్పు చేశారు. పోయిన తొమ్మిది వేలు, రావలసిన తొమ్మిది వేలు కలిపి పద్దెనిమిది వేల కోడ్ పంపుతున్నాను, వెంటనే నొక్కండి, ఆలస్యమైతే ఆగిపోతుంది” అన్నాడు. 18,000 కూడా పోయినవి. మూడవసారి 27,000 కోడ్ వచ్చినప్పుడు ఖాతాలో అంత నిల్వ లేదు గనుక వ్యాధి అక్కడ ఆగినది. మొత్తం నష్టం 27,000 రూపాయలు. అందులో అతడు అదనంగా ఇచ్చిన ఐదు రూపాయలు తగ్గించుకొనవచ్చును.

ఇక్కడ జరిగినదేమి? క్యూఆర్ కోడ్ అనునది డబ్బు అందుకొనేవాని చిరునామా. దానిలో అతని ఖాతా గుర్తు, పేరు, ఒక్కొక్కప్పుడు మొత్తం కూడా ఇమిడి ఉంటాయి. దానిని స్కాన్ చేసినవాడు ఎల్లప్పుడూ చెల్లించేవాడే. కిరాణా కొట్టులో బల్లపై అంటించిన కోడ్ ఎవరిది? కొట్టువానిది. స్కాన్ చేసేది ఎవరు? సరుకు కొన్నవారు. కొట్టువాడు తన డబ్బు కోసం ఏనాడైనా మన ఫోన్‌లోని కోడ్‌ను స్కాన్ చేసి పిన్ నొక్కుట చూచినామా? ఈ ఒక్క దృశ్యం మనసులో నిలుపుకొన్నవారికి ఈ మోసం అంటదు.

పిన్ అనునది చెక్కుపై చేసే సంతకం వంటిది. మన చెక్కుపై మనం సంతకం చేస్తే మన డబ్బు పోతుంది గాని ఇతరుల డబ్బు మనకు రాదు. 2016లో యూపీఐ మొదలైన నాటి నుండి నేటి వరకు డబ్బు అందుకొనుటకు పిన్ అవసరమైన సందర్భం ఒక్కటీ లేదు. ఇటీవల కొన్ని చెల్లింపులకు పిన్‌కు బదులు వేలిముద్ర, ముఖగుర్తింపు కూడా వచ్చినవి. వాటికీ ఇదే సూత్రం. చిన్న మొత్తాలు పిన్ లేకుండానే పోయే లైట్ సౌకర్యం కూడా ఉన్నది గనుక, పిన్ అడగలేదు కదా అని ఏ కోడ్‌నైనా స్కాన్ చేయుట క్షేమం కాదు.

పూర్వం ‘డబ్బు అడుగుట’ అనే సౌకర్యాన్ని ఉపయోగించి, “మీకు తొమ్మిది వేలు వస్తున్నవి, అంగీకరించండి” అని సందేశం పంపేవారు. అంగీకరిస్తే పోయేది. వ్యక్తి మరొక వ్యక్తిని ఆ విధంగా అడిగే వీలును 2025 అక్టోబరు నుండి నిలిపివేసినారు. ద్వారం ఒకటి మూసుకొనగా మోసగాండ్రు క్యూఆర్ కోడ్‌లు, లింకులు, దొంగ సందేశాల వైపు మరింతగా మళ్లినారు. ఆ కోడ్ కింద ‘రీఫండ్’ అనో ‘ఫీజు జమ’ అనో వ్రాసి ఉండవచ్చును. అది పంపినవాడు వ్రాసుకొన్న మాట మాత్రమే. సీసాపై అమృతమని చీటీ అంటించినంత మాత్రాన లోపలిది అమృతం కాదు గదా.

ఇతర రూపాలు

ఒకే దోషం వేర్వేరు స్థానాలలో చేరి వేర్వేరు రోగాలుగా కనిపించినట్లు, ఈ మోసానికి మరికొన్ని రూపాలున్నవి.

మొదటిది ‘ఎక్కువ పంపాను’ అనే రూపం. ఫీజు 3,000 అయితే ఫోన్‌కు 30,000 జమ అయినట్లు సందేశం వస్తుంది. వెంటనే ఫోన్: “ఒక సున్నా ఎక్కువ పడింది సార్, నా భార్య ఆసుపత్రిలో ఉంది, మిగిలిన ఇరవై ఏడు వేలు దయచేసి వెనక్కు పంపండి.” దయాగుణం ఉన్నవారు వెంటనే పంపివేస్తారు. నిజానికి జమ అయినదేమీ లేదు. ఆ సందేశాన్ని బ్యాంకు పంపలేదు. మోసగాడే తన ఫోన్ నుండి బ్యాంకు భాషలో వ్రాసి పంపినాడు. బ్యాంకు సందేశం సాధారణంగా పది అంకెల మొబైల్ నంబరు నుండి రాదు. అక్షరాల గుర్తుతో వస్తుంది. 2025 నుండి ఆ గుర్తు చివర లావాదేవీకి ‘టి’, సేవకు ‘ఎస్’, ప్రచారానికి ‘పి’, ప్రభుత్వానికి ‘జి’ అనే అక్షరం కూడా చేరుస్తున్నారు. అయినను సందేశాన్ని చూచి నిర్ణయించుట వినికిడిని నమ్ముట వంటిదే. చరకుడు సత్యాసత్యాల పరీక్షకు ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి అనే నాలుగింటిని చెప్పినాడు. ఇక్కడ ప్రత్యక్షం ఏమనగా, మన బ్యాంకు యాప్‌ను మనమే తెరచి నిల్వను మన కంటితో చూచుట.

డబ్బు నిజంగానే వచ్చి ఉంటే? ఇది మరింత సూక్ష్మమైన రూపం. ఇంకెవరినో మోసగించి తీసిన ధనాన్ని మీ ఖాతాకు పంపి, “పొరపాటు జరిగింది, ఈ వేరే నంబరుకు తిప్పి పంపండి” అంటారు. మీరు మంచితనంతో పంపితే, దొంగసొత్తు మీ ఖాతా గుండా ప్రయాణించినట్లు లెక్క. అసలు బాధితుడు ఫిర్యాదు చేసినప్పుడు మీ ఖాతా స్తంభింపజేయబడుతుంది. అట్టి సందర్భంలో ఆ మొత్తాన్ని ముట్టుకొనక, మీ బ్యాంకుకు వ్రాతపూర్వకంగా తెలుపవలెను. పంపినవానికి “మీ బ్యాంకు ద్వారా అడిగించుకోండి” అని మర్యాదగా చెప్పవలెను. వేరే ఖాతాకు తిప్పి పంపుట ఎట్టి పరిస్థితిలోనూ తగదు.

ఇంటి వద్ద పొడులు, పచ్చళ్లు అమ్మేవారికి వచ్చేది స్క్రీన్ షాట్ రూపం. పచ్చని టిక్కు గుర్తుతో చెల్లింపు జరిగినట్లు బొమ్మ పంపి, సరుకు తెప్పించుకొంటారు. అచ్చం అసలు యాప్ వలె కనిపించే నకిలీ యాప్‌లు ఉన్నవి. చాలా కొట్లలో మొత్తాన్ని బిగ్గరగా చదివే సౌండ్ బాక్స్ పెట్టుకొనుటకు ఒక ప్రయోజనం ఇదే. బొమ్మ సాక్ష్యం కాదు. ఖాతాలో పడినదే సాక్ష్యం. కొట్టు వాకిట అంటించిన మన కోడ్‌పై రాత్రివేళ వేరొకరి కోడ్ అతికించిపోయిన సంఘటనలు కూడా జరిగినవి గనుక ఉదయం తలుపు తీయగానే దానినొకసారి చూచుకొనుట, తులసికోటకు నీరు పోసినంత అలవాటు కావలెను.

మన పిల్లలు అమెరికాలో స్థిరపడి, అక్కడ కూచిపూడి, కర్ణాటక సంగీతం, తెలుగు అక్షరాలు నేర్పుతున్నవారు తక్కువేమీ కాదు. ఆ దేశంలో ఈ మోసం చెక్కు రూపంలో తిరుగుతుంది. “మా అమ్మాయి వేసవికి మీ ఊరు వస్తుంది, ఎనిమిది పాఠాలు చెప్పండి, మా సంస్థ చెక్కు పంపుతుంది” అని ఉత్తరం వస్తుంది. వచ్చిన చెక్కు అడిగినదానికంటె ఎక్కువ మొత్తానికి ఉంటుంది. మిగిలినది అమ్మాయిని తీసుకువచ్చే డ్రైవరుకు పంపమంటారు. అక్కడి నిబంధనల ప్రకారం చెక్కు వేసిన ఒకటి రెండు రోజులలోనే బ్యాంకు ఆ సొమ్మును వాడుకొనుటకు వీలు కల్పించవచ్చును. చెక్కు దొంగదని తేలుటకు వారాలు పట్టవచ్చును. నిల్వలో అంకె కనిపించుట వేరు, చెక్కు నిజంగా చెల్లుట వేరు. ఈ మధ్యకాలంలో డ్రైవరుకు పంపినది గురువుగారి సొంత డబ్బు. అది తిరిగి రాదు. చెల్లని చెక్కు మొత్తాన్ని కూడా బ్యాంకు గురువు నుండే రాబట్టుకొంటుంది. విదేశాలలో ఉన్న పిల్లలతో ఆదివారం మాట్లాడేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి.

‘ఉత్తమ గురువు’, ‘వైద్య శిరోమణి’ వంటి బిరుదులకు ఎంపికైనారని, నమోదు రుసుము మాత్రం కట్టమని వచ్చే ఉత్తరాలు ఈ కోవకే చెందుతాయి. ఏడాదికి రెండు మూడు బిరుదులు నాకూ వస్తుంటాయి. వాటి ధర కూడా ఏటా పెరుగుతున్నది. వాటిని గూర్చి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

ఉపశయం

లక్షణాలు స్పష్టంగా లేని గూఢవ్యాధిని ఉపశయంతో పరీక్షించమని శాస్త్రం. అనగా ఏదో ఒక ఔషధాన్నో ఆహారాన్నో ఇచ్చి, దానికి వ్యాధి ఎట్లు స్పందిస్తుందో చూచి గుర్తించుట. వాతమో, కాదో తెలియనప్పుడు తైలం రాసి చూడమంటారు. ఈ మోసానికి కూడా అటువంటి పరీక్ష ఒకటి ఉన్నది. దాని పేరు ఆలస్యం.

ఫోన్ చేసినవారితో శాంతంగా ఇట్లు చెప్పండి: “చాలా సంతోషమండీ. బాబును తీసుకొని ఒకసారి వచ్చి మొదటి పాఠం చూసి వెళ్లండి. ఫీజు తరువాత మాట్లాడుకొందాం.” నిజమైన తండ్రికి ఈ మాట హితవుగా ఉంటుంది, డబ్బు కట్టకుండానే పాఠం చూడవచ్చునని ఆనందిస్తాడు. మోసగానికి ఈ మాట పడదు. బదిలీ, డ్యూటీ, సరిహద్దు అంటూ సాకులు చెబుతాడు, గొంతు పెంచుతాడు, చివరికి తిడతాడు. హితమైన దానికి రోగం ముదురుతున్నదంటే రోగనిర్ధారణ అయినట్లే.

రెండవ పరీక్ష: “నా నంబరు మీ దగ్గర ఉన్నది కదా, దానికే పంపండి, నేను ఏమీ నొక్కను” అనుట. పంపదలచినవానికి నంబరు చాలును. అంతకు మించి కోడ్ స్కాన్ చేయమన్నా, లింకు తెరవమన్నా, ఫోన్ తెరను చూపే యాప్ పెట్టుకొనమన్నా, వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి కార్డు చూపమన్నా, అది చెల్లింపు కాదు, అపహరణ. ఏపీకే అనే తోకతో వచ్చే ఫైలును ఎవరి పేరుతో వచ్చినా తెరవరాదు.

వ్యవస్థ మంచిదైతే మొగమాటం తగ్గుతుంది. పాఠాల కోసం వేరే చిన్న ఖాతా తెరచి, అందులో వచ్చినదానిని ప్రతి రాత్రి పొదుపు ఖాతాకు మార్చుకొనుట మేలు. పై ఉదాహరణలోని ఉపాధ్యాయిని ఇప్పుడు చేయుచున్నది ఇదే. కొత్తవారి వద్ద ముందు ఫీజు తీసుకొనుట మానివేసి, రెండవ పాఠం నాడు తీసుకొంటున్నది. ఒక్క విద్యార్థి కూడా తగ్గలేదు.

చికిత్స

విషం తాకినప్పుడు వైద్యుని కులగోత్రాలు విచారిస్తూ కూర్చొనరాదు. డబ్బు పోయినదని తెలిసిన మరునిమిషమే 1930 అనే నంబరుకు ఫోన్ చేయవలెను. ఇది దేశమంతటికీ వర్తించే సైబర్ నేరాల సహాయ సంఖ్య. 2021లో వేరే నంబరుతో మొదలై తరువాత 1930గా మారినది. మోసగాడు పోయిన ధనాన్ని ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు, అక్కడి నుండి ఇంకొక ఖాతాకు నిమిషాలలో మళ్లిస్తాడు. ఎక్కడో ఒకచోట అది ఇంకా నిలిచి ఉండగానే బ్యాంకుకు కబురు చేరితే ఆ మొత్తాన్ని అక్కడే నిలిపివేయుటకు అవకాశం ఉన్నది. నగదుగా బయటికి పోయిన తరువాత దుర్లభం. విషవైద్యంలో కాటు పడిన తరువాతి ఘడియలకు ఉన్న విలువే ఇక్కడ కూడా.

ఫోన్ చేసేటప్పుడు లావాదేవీ సంఖ్య, సమయం, మొత్తం, డబ్బు వెళ్లిన ఖాతా గుర్తు, మోసగాని నంబరు కాగితంపై వ్రాసి పెట్టుకొనండి. కోపంతోనో సిగ్గుతోనో వాట్సాప్ సంభాషణను చెరిపివేయకండి, సాక్ష్యం అదే. వెనువెంటనే మీ బ్యాంకుకు కూడా తెలిపి, ఫిర్యాదు సంఖ్య తీసుకొనండి. తరువాత జాతీయ సైబర్ నేరాల ఫిర్యాదు వెబ్‌సైటులో నమోదు చేసి, పోలీసు స్టేషనుకు వెళ్లవచ్చును. కంప్యూటరు సాధనాలతో వేరొకరి వేషం వేసి మోసగించుట సమాచార సాంకేతిక చట్టం 66డి ప్రకారం మూడేండ్ల వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించదగిన నేరం.

రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాలలో ఒక భేదం చూపినది. బయటివారి చొరబాటు వలన ఖాతాదారు ప్రమేయం లేకుండా ధనం పోయి, మూడు పనిదినాలలో తెలిపినచో ఖాతాదారుకు నష్టం ఉండరాదన్నది. ఖాతాదారు తానే రహస్య సంఖ్యను బయటపెట్టిన సందర్భంలో మాత్రం, బ్యాంకుకు తెలిపే వరకు జరిగిన నష్టం ఖాతాదారునిదే, తెలిపిన తరువాత జరిగినది బ్యాంకుది. కనుక ఏ విధంగా చూచినా త్వరగా చెప్పుటయే లాభం.

ఒక హెచ్చరిక. ఫిర్యాదు చేసిన కొద్దిరోజులకు “మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాము, ముందు ఖర్చులు కట్టండి” అని మరొకడు ఫోన్ చేయవచ్చును. ఇతడు మొదటివానికి సోదరుడు. అట్లే బ్యాంకు కస్టమర్ కేర్ నంబరును ఇంటర్‌నెట్‌లో వెదకి తీసుకొనరాదు. అందులో దొంగ నంబర్లు కలిసి ఉంటాయి. కార్డు వెనుక గాని, పాసుపుస్తకంపై గాని ముద్రించిన నంబరే వాడవలెను.

ఉపద్రవాలు

మూలవ్యాధి కంటె ఉపద్రవాలు ప్రాణాంతకమైన సందర్భాలు వైద్యంలో అనేకం. ఇక్కడ ఉపద్రవం పేరు సిగ్గు. పై ఉపాధ్యాయిని పది రోజులు ఈ సంగతి భర్తకు చెప్పలేదు. పది రోజులు అన్నం సయించలేదు, నిద్ర లేదు, విరేచనాలు పట్టుకొన్నవి. భయం వలన, శోకం వలన కలిగే అతిసారాలను మన శాస్త్రం వేర్వేరుగా పేర్కొన్నది. భయం, శోకం వాతాన్ని వెంటనే ప్రకోపింపజేస్తాయి. ఆమె నా వద్దకు వచ్చినది విరేచనాలకు మందు కోసం. 1930 నంబరుకు మేము చేయించిన ఫోన్ పదకొండవ రోజున. అప్పటికి ఆ ధనం ఏ నిలువలోనూ మిగలలేదు. మొదటి గంటలో ఇంటివారికి చెప్పి ఉంటే కొంతైనా ఆగి ఉండునేమో.

అందుచేత ఇంటిపెద్దలకు నా మాట. మీ ఇంట ఎవరైనా ఇట్టి సంగతి చెప్పినప్పుడు “ఆ మాత్రం తెలియదా?” అనే ప్రశ్నను ఆ రోజుకు ఆపండి. చరకుడు చెప్పిన మూడు విధాల చికిత్సలలో సత్త్వావజయం ఒకటి. అహితమైన ఆలోచనల నుండి మనసును మరల్చుట దాని స్వరూపం. నిందించేవాడు దానికి విరుద్ధమైనది చేస్తున్నాడు. ముందు మంచినీళ్లు ఇవ్వండి, తరువాత 1930కు మీరే ఫోన్ కలపండి.

నిద్రపట్టని వారికి రాత్రి పడుకొనే ముందు అరికాళ్లకు గోరువెచ్చని నువ్వుల నూనెతో పది నిమిషాలు మర్దన చేయవలెను. గోరువెచ్చని పాలలో చిటికెడు జాజికాయ పొడి కలిపి తీసుకొనవచ్చును; గర్భిణులకు ఇది తగదు, మధుమేహులు చక్కెర వేసుకొనరాదు. ఆకలి మందగించినచో జీలకర్ర, ధనియాలు చెంచాడేసి రెండు గ్లాసుల నీటిలో సగానికి కాచి, భోజనానికి ముందు పుచ్చుకొనవలెను. వారం రోజులు పెసరకట్టు, పలుచని మజ్జిగ, మెత్తని అన్నం పథ్యం. రక్తపోటుకు, గుండెకు వాడుతున్న మందులను ఈ కారణంగా మానరాదు. ఛాతీలో నొప్పి, ఎడమచేతికి పాకే లాగుడు ఉంటే గృహవైద్యం కాక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. బ్రతుకుపై విరక్తి మాటలు వినబడినచో ఆ మనిషిని ఒంటరిగా వదలక, కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సహాయ సంఖ్య 14416కు ఫోన్ చేయవచ్చును; తెలుగులో కూడా మాట్లాడుతారు. ఈ రెండు నంబర్లను, 1930ను, 14416ను, వంటింటి క్యాలెండరు మీద పాలలెక్క వ్రాసుకొనే చోటనే వ్రాసి ఉంచండి.